సారూ, మీకు తెలియనిదేముంది

పాలమూరులో ప్రాక్టీసు పెట్టిన కొత్తలో రోజూ వినిపించిన మాట ఒకటుంది: "సారూ, జర బయటికొస్తరా?" పేషెంట్ లోపల బల్ల మీద పడుకుని ఉంటాడు. కొడుకో అల్లుడో నన్ను వరండాలోకి పిలిచి, గొంతు తగ్గించి, "ఏమున్నదో మాకు చెప్పుండ్రి, మా నాయనకు మాత్రం చెప్పకుండ్రి" అనేవాడు. ఆ వరండాలో నిలబడి చెప్పినన్ని చెడ్డ కబుర్లు లోపల కుర్చీలో కూర్చుని ఎప్పుడూ చెప్పలేదు.

అవి 1980ల చివరి రోజులు. మహబూబ్‌నగర్‌లో క్లాక్ టవర్‌కు కాస్త ఇవతల రెండు గదుల అద్దె ఇల్లు, ముందు వరండా, అందులో రెండు చెక్క బెంచీలు. మక్తల్ నుంచి, కోస్గి నుంచి, ఆత్మకూరు నుంచి, అటు అచ్చంపేట నుంచి జనం పొద్దున బస్సుకు వచ్చేవాళ్ళు. సాయంత్రం బస్సు పోతుందేమోనని మధ్యాహ్నం నుంచే కంపౌండర్‌ని సతాయించేవాళ్ళు. బొంబాయికో పూణేకో పనికి పోయి దగ్గుతో తిరిగొచ్చినవాళ్ళు వాళ్ళలో చాలామంది. అందుకే మా జిల్లా డాక్టర్ల బుర్రలో టీబీ ఎప్పుడూ ముందు వరసలో కూర్చుని ఉంటుంది. ఆ సంగతి మళ్ళీ వస్తుంది.

క్యాన్సర్ అని అనుమానం వస్తే చీటీ రాసి హైదరాబాదు పంపడమే. రెడ్ హిల్స్‌లో, నిలోఫర్‌కు దగ్గరలో ఉన్న ఎం.ఎన్.జె. ఆస్పత్రికి. 1955లో మొదలైన ఆస్పత్రి అది. ఉస్మానియాలో చదివే రోజుల్లో మేం పోస్టింగుకు అక్కడికి వెళ్ళేవాళ్ళం. పెద్ద డాక్టర్ల వెనక నోట్‌బుక్కులు పట్టుకుని తిరగడం, బయటికొచ్చి ఇరానీ చాయ్ తాగడం, అంతే. ఊళ్ళలో దాన్ని 'క్యాన్సర్ దవాఖాన' అనేవాళ్ళు. ఆ పేరు చెబితే ముసలాయనకు తెలిసిపోతుందని కొడుకులు ఇంకో పేరు పెట్టుకున్నారు: పెద్ద దవాఖాన. "నాయినా, పెద్ద దవాఖానకు పోదాం, ఫోటోలు తీస్తరంట" అని బస్సెక్కించేవాళ్ళు. ముసలాయన కూడా ఏమీ తెలియనట్టే ఎక్కేవాడు. అందరూ ఒకరి కోసం ఒకరు ఆడే నాటకం అది. దాన్ని తప్పు పట్టడానికి నాకెప్పుడూ మనసు రాలేదు.

మక్తల్ దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక అవ్వ మాత్రం ఆ నాటకంలో నా పాత్ర ఏమిటో ముఖం మీదే చెప్పింది. రొమ్ములో గడ్డ పుండై చాలా కాలమైంది. చీర కొంగు కింద గుడ్డ చుట్టి దాచుకుంది. ఇద్దరు కొడుకులూ నాతో వరండాలో మాట్లాడి, టికెట్ల డబ్బులు లెక్క పెట్టుకుంటున్నారు. నేను లోపలికి రాగానే అవ్వ బల్ల మీద నుంచి లేచి కూర్చుంది. "ఏం జెప్పినవ్ బిడ్డా, మావోళ్ళకు?" అంది. నేను ఏదో సర్ది చెప్పబోయాను. చెయ్యి అడ్డం పెట్టి, "అది నాకెర్కనే. నువ్వొక్క మాట జెప్పు వాళ్ళకు. ఎడ్లు అమ్మొద్దను. ఎడ్లు పోతే మళ్ళ కొనలేరు" అంది. ఆ మాట వాళ్ళకు చెప్పాను. వాళ్ళు విన్నట్టే తలూపారు. ఆ తర్వాత ఏం చేశారో నాకు తెలియదు. ఆ రోజుల్లో పేదింట్లో క్యాన్సర్ అంటే ముందు పోయేది పశువులు, తర్వాత పొలం. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు మొదటి విడత మూడు జిల్లాల్లో మాది ఒకటి. మిగతా రెండూ అనంతపురం, శ్రీకాకుళం. ఆ కార్డు వచ్చాక కూడా కొడుకులు వరండాలోకి పిలిచేవాళ్ళు. కానీ ఎడ్ల మాట తక్కువగా వినిపించేది.

ఇక నా సంగతి. 2018 మొదట్లో సెలూన్‌లో గడ్డం చేయించుకుంటుంటే, ఏళ్ళ తరబడి నా గడ్డం గీస్తున్న అతను కత్తి ఆపాడు. ఎడమ చెవి కింద వేలితో నొక్కి, "సారూ, ఈడ గడ్డ ఉన్నట్టున్నది, కత్తి తగుల్తున్నది" అన్నాడు. ఇంటికొచ్చి అద్దం ముందు నేనే చూసుకున్నాను. నొప్పి లేదు. వేలి కింద రబ్బరులా జారుతోంది. దాని కింద ఇంకొకటి. టీబీ గడ్డలైతే ఒకదానికొకటి అతుక్కుని ముద్దగా ఉంటాయి. ఇవి దేనికది విడిగా ఉన్నాయి. వేళ్ళకు అర్థమైంది. మనసే ఒప్పుకోలేదు. రాత్రిళ్ళు చెమటలు పడుతున్నాయా అని నన్ను నేనే ప్రశ్న వేసుకుని, పాలమూరులో పట్టకపోతేనే కదా రోగం అని నేనే కొట్టిపారేశాను. అప్పటికింకా శివరాత్రి కూడా రాలేదు.

బయాప్సీ రిపోర్టు వచ్చేదాకా టీబీ అయితే బాగుండునని కోరుకున్నాను. జీవితమంతా టీబీతో కొట్లాడిన డాక్టరు టీబీ కోసం దేవుడికి దండం పెట్టుకున్నాడంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆరు నెలల మాత్రలు, నయం, మళ్ళీ క్లినిక్. ఎంత మంచి జబ్బు!

రిపోర్టు ఫోన్‌కే వచ్చింది. డిఫ్యూజ్ లార్జ్ బి సెల్ లింఫోమా, అంటే లింఫ్ గ్రంథుల క్యాన్సర్. సీడీ20 పాజిటివ్, అంటే ఆ కణాల మీద సీడీ20 అనే ప్రోటీన్ ఉంది. మా ఆవిడ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతోంది. "ఏమొచ్చింది?" అంది. చెప్పాను. ఒక్క నిమిషం ఆగి, "పిల్లలకు ఎవరు చెప్తరు, నువ్వా నేనా?" అంది. ఆమెకు ఆ వరండా సంగతులన్నీ తెలుసు.

అక్కణ్ణుంచి మొదలైంది అసలు చిత్రం. హైదరాబాదులో ఏ తలుపు తీసినా ఒకటే మాట. స్కానింగ్ చేసే కుర్రాడు, "సార్, మీకు తెలియనిదేముంది". బయాప్సీ తీసిన సర్జన్, "మీకు నేనేం చెప్పాలి సార్". ఇన్సూరెన్స్ కౌంటర్లో అమ్మాయి కూడా ఫారం మీద నా పేరు ముందు డాక్టర్ అని చూసి, "సార్, ప్రాసెస్ మీకు తెలిసిందే కదా" అంది. ఆ ప్రాసెస్ నాకేం తెలుసు? నేనెప్పుడైనా ఆ కౌంటర్‌కు ఇటువైపు నిలబడితే కదా. ఎంబీబీఎస్ బ్యాచ్ గ్రూపులో సంగతి తెలిసిన గంటకే నలుగురు ఫోన్ చేసి నలుగురు వేరు వేరు క్యాన్సర్ డాక్టర్ల పేర్లు చెప్పారు. జబ్బు గురించి మాత్రం ఎవరూ ఒక్క ముక్క మాట్లాడలేదు. నాకు తెలుసు కదా మరి!

నాకు తెలిసింది ఎంత? లింఫోమా గురించి నేను గట్టిగా చదివింది 1970ల చివర్లో, పరీక్షల కోసం. తర్వాత నా ప్రాక్టీసంతా షుగరు, బీపీ, జ్వరాలు, పాముకాట్లు, ఆయాసాలు. పల్లెటూరి మనిషికి చెబితే తట్టుకోలేడని చెప్పరు. డాక్టరుకు ముందే తెలుసని చెప్పరు. ఇద్దరూ బల్ల మీదే ఉంటారు, మాటలేమో బయట జరుగుతుంటాయి.

నిజంగానే బయట జరిగాయి. పెట్ స్కాన్ రోజున ఇంజెక్షన్ ఇచ్చి ఒక గదిలో ఒంటరిగా కూర్చోబెట్టారు. గంట సేపు కదలొద్దు, మాట్లాడొద్దు, చూయింగ్ గమ్ లాంటివి నమలొద్దు అన్నారు. కదిలిన కండరం చక్కెరను లాక్కుని స్కాన్‌లో వెలిగిపోతుందట. ఆ ఇంజెక్షన్ చక్కెరకు రేడియో ధార్మికత అంటించినదే మరి. సాయంత్రం దాకా గర్భిణులకూ చిన్నపిల్లలకూ దూరంగా ఉండమన్నారు. మా మనవడు రెండేళ్ళవాడు. కూకట్‌పల్లిలో మా అమ్మాయి ఇంటికి పోతే వాడు తాతా అంటూ ఉరికొస్తాడని, నేను ఆస్పత్రి క్యాంటీన్లోనే చీకటి పడేదాకా కూర్చున్నాను. రెండు రోజుల తర్వాత రిపోర్టుతో క్యాన్సర్ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. డాక్టరమ్మ నన్ను పరీక్ష చేసి, "బట్టలు సర్దుకుని రండి సార్" అని బయటికి వెళ్ళింది. అద్దాల తలుపు అవతల మా అల్లుడు నిలబడి ఉన్నాడు. ఆమె చేత్తో ఏదో చూపిస్తూ చెబుతోంది, అతను తలూపుతున్నాడు. ఒకసారి ఇటు చూసి, నేను చూస్తున్నానని చూపు తిప్పుకున్నాడు. మాటలు వినబడకపోయినా ఆ నిలబడే తీరు చాలు నాకు. అలా నిలబడి ఎంతమందితో మాట్లాడానో!

లోపలికి రాగానే అన్నాను. "అమ్మా, నేను డాక్టర్నని మర్చిపో. కోస్గి నుంచి వచ్చిన రైతుననుకో. ఏ జబ్బో, ఏం చేస్తావో, నేనేం చేయాలో తెలుగులో చెప్పు."

నా కూతురి వయసు ఆమెది. ముందు ఇబ్బంది పడింది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పింది. జబ్బు మెడలో, ఛాతీలో ఉంది, పొట్టలో లేదు, ఎముక మజ్జలో లేదు. వేగంగా పెరిగే రకం, వేగంగా పెరిగేది మందుకు వేగంగా కరుగుతుంది కూడా. నయం చేయడానికే ఇస్తున్నాం, కాలం గడపడానికి కాదు. గుండెకు ఎకో తీయాలి, ఎర్ర మందు, అంటే డాక్సోరూబిసిన్, గుండె కండరాన్ని దెబ్బతీయొచ్చు. హెపటైటిస్ బి పరీక్ష చేయాలి, లోపల దాక్కుని ఉంటే, ఇవ్వబోయే మందుల్లో ఒకటైన రిటక్సిమాబ్ దాన్ని లేపుతుంది. "ఇంట్లో థర్మామీటర్ ఉందా సార్?" అంది. నా క్లినిక్‌లో డజను ఉంటాయి. ఇంట్లో ఒక్కటీ లేదు. "ఈ రోజే కొనండి. తెల్లకణాలు పడిపోయినప్పుడు జ్వరం 100.4 తాకితే రాత్రి రెండైనా సరే, ఆస్పత్రికి రావాలి. పారాసిటమాల్ వేసుకుని తెల్లారేదాకా చూద్దాం అనుకోకండి. డాక్టర్ పేషెంట్లందరూ అదే చేస్తారు" అంది. వేలు చూపించి మరీ అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. అందులో సగం నాకు తెలియదు. తెలిసిన సగం కూడా నా గురించి ఎవరో చెబితే గానీ నాది కాలేదు.

ఇవ్వబోయే మందుల్లో నాలుగు నేను పరీక్షలో రాసినవే. సైక్లోఫాస్ఫమైడ్, డాక్సోరూబిసిన్, విన్‌క్రిస్టిన్, ప్రెడ్నిసొలోన్. ఈ నాలుగూ కలిపి ఇవ్వడం 1970ల నుంచి ఉన్నదే. మూడు వారాలకోసారి. మొదటి దాని పూర్వీకులు మస్టర్డ్ గ్యాస్ మీద యుద్ధకాలంలో జరిగిన పరిశోధనల్లో ఉన్నారు. రెండోది ఇటలీ మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి వచ్చింది. మూడోది బిళ్ళగన్నేరు నుంచి. మా అమ్మ ప్రతి పొద్దున పూజకు కోసిన ఊదారంగు పూల చెట్టు, నీళ్ళు పోయకపోయినా గోడ పక్కన బతికే చెట్టు! వీటికి తోడు ఐదోది, రిటక్సిమాబ్. 1997లో అమెరికాలో అనుమతి వచ్చింది, 2007లో హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీస్ దాన్ని రెడిటక్స్ పేరుతో మన దగ్గర తయారు చేసింది. 2002లో ఫ్రెంచి వైద్యులు 60 నుంచి 80 ఏళ్ళ రోగుల మీద చేసిన పరిశీలన ప్రచురించారు. పాత నాలుగు మందులతో రెండేళ్ళకు బతికున్నవారు 57 శాతం, రిటక్సిమాబ్ కలిపితే 70 శాతం. నాకప్పుడు 62. వేరేవాళ్ళ కోసం చదివితే 70 ఎంత బాగుంటుంది! మనకోసం చదివితే కళ్ళు మిగిలిన 30 దగ్గరే ఆగుతాయి.

కీమో వార్డులో ఎర్ర మందు ఎక్కించడం చూడాలి. సిస్టర్ గ్లౌజులు వేసుకుని, పెద్ద సిరంజి పట్టుకుని పక్కనే కూర్చుంటుంది. కొంచెం తోస్తుంది, వెనక్కి లాగి రక్తం వస్తోందో లేదో చూస్తుంది, మళ్ళీ తోస్తుంది. నరం బయటికి ఒక్క చుక్క కారినా కండ కాలిపోతుంది. ఆ అమ్మాయి నా చేతి మీద నుంచి కన్ను తీయలేదు. మర్నాడు పొద్దున మూత్రం ఎర్రగా వస్తే, ముందే చెప్పి ఉన్నా కూడా గుండె దడదడలాడింది.

ఆ ఏప్రిల్‌లోనే, సెలైన్ స్టాండ్ పక్కన కూర్చుని పేపర్ తిరగేస్తుంటే మా ఊరి ఫోటో కనబడింది. పిల్లలమర్రికి సెలైన్ ఎక్కిస్తున్నారు! చెదలు పట్టి, అంతకుముందే ఒక పెద్ద కొమ్మ విరిగిపడితే జనాన్ని రానివ్వడం మానేశారని తెలుసు. ఇప్పుడు కొమ్మలకు వరసగా బాటిళ్ళు వేలాడదీసి క్లోర్‌పైరిఫాస్ చుక్కచుక్కగా ఎక్కిస్తున్నారు. పురుగుల మందు. మా దగ్గర పంటకు కొట్టే మందు అది, తాగి వచ్చినవాళ్ళకు విరుగుడుగా రాత్రంతా అట్రోపిన్ ఎక్కించిన మందు. ఏడు వందల ఏళ్ళ చెట్టని చెప్పుకుంటాం దాన్ని, బడి పిల్లలుగా దాని ఊడలు పట్టుకుని ఊగాం. పేపర్ మా ఆవిడకు చూపించాను. "దానికి జుట్టు ఊడదు కద" అంది.

నాకు ఊడింది. తల, మీసం, కనుబొమ్మలు. అది పెద్ద బాధ అనిపించలేదు. వేళ్ళు పోయాయి, అది బాధ. విన్‌క్రిస్టిన్ చివరి నరాలను కొడుతుంది. చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయేవాణ్ణి. ఒకరోజు అలవాటుగా మా ఆవిడ మణికట్టు పట్టుకుంటే నాడి తెలియలేదు. రెండో చేత్తో చూశాను, తెలియలేదు. ఆమె మంచం అంచున కూర్చుని టీవీ చూస్తోంది, నాడి కొట్టుకుంటూనే ఉంటుంది, నా వేళ్ళకే తెలియడం లేదు. ప్రాక్టీసు మొదలుపెట్టిన రోజు నుంచి ఆ మూడు వేళ్ళ మీదే బతికాను. పూర్తిగా తిరిగి రావడానికి ఏడాది పైనే పట్టింది. ఎడమ చేతి చిటికెన వేలు ఇప్పటికీ కాస్త మొద్దే.

నోటికి రుచి పోయి అన్నీ ఇనుప గరిటె నాకినట్టుండేవి. అన్నం, పప్పు, ఆఖరికి మటన్ కూడా. ఒక్క పుంటికూర మాత్రం నాలుకకు అందేది. జొన్నరొట్టె, పుంటికూర, అదే పొద్దున, అదే రాత్రి. పచ్చి ఉల్లిగడ్డ నంజుకోకూడదన్నారు, అదొక్కటే లోటు. చూడ్డానికి వచ్చినవాళ్ళు నల్గొండ బత్తాయిలు సంచులతో తెచ్చేవాళ్ళు. పాత పేషెంట్లు కురుమూర్తి స్వామికి, మన్నెంకొండకు మొక్కారు. కొత్తూరు దగ్గరి జహంగీర్ పీర్ దర్గాలో నా పేరు మీద ఒకాయన చాదర్ కప్పి వచ్చాడు. లక్ష్మణఫలం తింటే క్యాన్సర్ మాయమవుతుందని ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరు ప్రింటౌట్ తెచ్చిచ్చాడు. సీతాఫలాల జిల్లాలో పుట్టి లక్ష్మణఫలం ఎందుకు సార్ అన్నాను. ఆయనకు కోపమొచ్చింది.

నాకు అందరికన్నా ఎక్కువ చెప్పింది మాత్రం వనపర్తి వైపు నుంచి వచ్చిన ఒకామె. వాళ్ళాయనకు కూడా ఇదే మందు. వెయిటింగ్ హాల్లో మా పక్క కుర్చీలో కూర్చునేది. బోడిగుండు, మాస్కు, నేనెవరో ఆమెకేం తెలుసు? "అన్నా, మొదటిసారా? ముందటి రోజు నీళ్ళు మస్తుగ తాగు, నరం దొరుకుతది. మందెక్కిన మూడో దినం కడుపు గట్టిపడ్తది, ఆడిదాక ఆగకు, ముందే సిరప్ తాగు. తెల్లకణాల ఇంజెక్షన్ ఏసినంక నడుం ఇరిగిపోయినట్టైతది, భయపడకు, అది మంచిగ పనిచేస్తున్నట్టే" అంది. ఒక్కటి కూడా తప్పు లేదు. మా ఆవిడ చీటీ మీద రాసుకుంది. చాలా రోజుల తర్వాత సిస్టర్ వచ్చి "డాక్టర్ గారూ, రండి" అని పిలిస్తే ఆమె నోరు తెరిచి చూసింది. "డాక్టరువా? చెప్పవేంది మరి! నేనేదేదో వాగిన" అని సిగ్గుపడిపోయింది. ఆ రోజు నుంచి నాకు సలహాలివ్వడం మానేసి, తన భర్త రిపోర్టులు చూపించడం మొదలుపెట్టింది. నష్టం నాకే.

ఆ ఏడాది దసరాకు ముందు చేసిన స్కాన్ శుభ్రంగా వచ్చింది. ఐదేళ్ళు దాటాయి. క్లినిక్ పొద్దున పూట మాత్రమే తీస్తున్నాను. కొడుకులు ఇంకా వరండాలోకి పిలుస్తూనే ఉన్నారు. వెళ్తాను, వింటాను, తర్వాత వాళ్ళను వెంటబెట్టుకుని లోపలికి వచ్చి, "పెద్దాయనా, నీకేమేం తెలుసుకోవాలనుంది?" అని అడుగుతాను. కొందరు అన్నీ అడుగుతారు. కొందరు "అవన్నీ మా చిన్నోడికి జెప్పు సారూ" అంటారు. అప్పుడు చిన్నోడికే చెబుతాను.

పోయిన వేసవిలో నా బ్యాచ్‌మేట్ ఒకడు ఫోన్ చేశాడు. నల్గొండలో పిల్లల డాక్టరు. పెద్దపేగులో గడ్డ, ఆపరేషన్ అయింది, కీమో మొదలుపెడతారట. మామూలు మాటలన్నీ అయ్యాక నేను మొదలుపెట్టాను. వాడికిచ్చే ఆక్సాలిప్లాటిన్‌తో చల్లని వస్తువు ముట్టుకుంటే వేళ్ళకు కరెంటు కొట్టినట్టుంటుంది, ఫ్రిజ్ తలుపు నువ్వు తీయొద్దు, నల్గొండ ఎండలైనా సరే కుండ నీళ్ళు కూడా వద్దు, గోరువెచ్చనివే తాగు, చన్నీళ్ళు గొంతులో పడితే ఊపిరాడనట్టు అనిపిస్తుంది, ప్రాణానికేం కాదు, టెన్షన్ పడకు. థర్మామీటర్ కొను. జ్వరమొస్తే పారాసిటమాల్ వేసుకుని కూర్చోకు. అలా చెప్పుకుంటూ పోతుంటే వాడు మధ్యలో ఆపి, "ఒరేయ్, నేను కూడా ఉస్మానియాలోనే చదివానురా. మర్చిపోయావా?" అన్నాడు.

"నువ్వే మర్చిపో" అన్నాను. నవ్వి ఫోన్ పెట్టేశాడు.

పది నిమిషాలకు మళ్ళీ చేశాడు. "థర్మామీటర్ అన్నావు కదా, డిజిటల్‌ది కొననా, పాదరసందా?"